వెండి మందుతో మొండి బ్యాక్టీరియా పోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. చీము శాంపిల్ వచ్చాక రెండు మూడు రోజులకు కల్చర్ రిపోర్ట్ మీద సంతకం పెట్టి పంపడం నా పని. శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసి రాసేదే ఆ రిపోర్ట్. ఆ కాగితం పట్టుకుని మళ్లీ ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు. కొడుకో, కూతురో, ఒక్కోసారి పేషెంటే. "మేడమ్, అన్ని మందులకీ 'ఆర్' అనే ఉంది. వెండి మందు వాడితే పోతుందని ఎవరో చెప్పారు, నిజమేనా?" అని అడుగుతారు. కిటికీ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేని జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవి చదివి ఇంట్లో సొంత వైద్యం మొదలుపెట్టకండి. మీ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి చదవండి.

రిపోర్టులో 'ఆర్' అంటే ఏమిటి? అన్నీ 'ఆర్' వస్తే ఇక దారి లేనట్టేనా?

'ఆర్' అంటే రెసిస్టెంట్, ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగడం లేదని అర్థం. 'ఎస్' అంటే సెన్సిటివ్, లొంగుతుందని. ఆసుపత్రుల్లో మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేవి క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్, ఇంకా ఎంఆర్ఎస్ఏ అని పిలిచే, మెథిసిలిన్ అనే మందుకు లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్) అనే బ్యాక్టీరియా. 2019లో ఒక్క ఏడాదే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

అన్నీ 'ఆర్' వచ్చినా దారులు మూసుకుపోయినట్టు కాదు. ముందు డాక్టరు చూసేది, ఆ బ్యాక్టీరియా నిజంగా జబ్బు చేస్తోందా, లేక పుండు పైన ఊరికే ఉందా అని. పైన ఉన్నదైతే శుభ్రం చేయడం, చచ్చిన కండ తీసేయడం, సరైన కట్టు కట్టడంతోనే చాలాసార్లు పని జరుగుతుంది. వెండికి చోటు దొరికేది అక్కడే.

వెండి బ్యాక్టీరియాను ఎలా చంపుతుంది?

వెండి ముక్క ఉన్నది ఉన్నట్టుగా పెద్దగా ఏమీ చేయదు. దానికి తడి, గాలి తగలాలి. అప్పుడు దాని పైభాగం నుంచి పరమాణువులు ఒక్కొక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్లుగా మారి నీళ్లలోకి దిగుతాయి. చంపేవి ఆ అయాన్లే. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్లు 2012లో దీన్ని చక్కగా తేల్చారు. ఆక్సిజన్ లేకుండా చేసి నానో వెండిని, అంటే అతి చిన్న వెండి గుళికలను, ఇ.కోలై అనే బ్యాక్టీరియా మీద వేస్తే అది ఏమీ చేయలేకపోయింది. గాలి తగలకపోతే అయాన్లు పుట్టవు, అయాన్లు లేకపోతే చావు లేదు.

ఆ అయాన్లకు గంధకం అంటే ఎక్కడలేని ఆకర్షణ. పూజ గదిలో వెండి కుందులు నల్లబడేది ఇందుకే. గాలిలో ఉన్న కాస్త గంధకం వెండికి అంటుకుని సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర కడుతుంది. బ్యాక్టీరియా ప్రొటీన్లలో కూడా గంధకం ఉంటుంది. వెండి అయాన్ వెళ్లి అక్కడ పట్టుకుంటుంది. దాంతో బ్యాక్టీరియా శ్వాసకు పనికొచ్చే ఎంజైములు ఆగిపోతాయి, పైపొర చిల్లులు పడి లోపలి సరుకు కారిపోతుంది, కణాన్ని కాల్చే ఆక్సిజన్ రకాలు పుడతాయి, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది.

యాంటీబయాటిక్ చాలావరకు ఒక్క చోటే దెబ్బ కొడుతుంది. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టుకోవడాన్ని ఆపుతాయి. ఆ మందును కోసి పారేసే ఎంజైమ్ ఒకటి సంపాదిస్తే బ్యాక్టీరియా గట్టెక్కేస్తుంది. వెండి ఒకేసారి నాలుగైదు చోట్ల పడుతుంది కాబట్టి ఆ ఎంజైమ్ ఇక్కడ అక్కరకు రాదు. అందుకే రిపోర్ట్ నిండా 'ఆర్' ఉన్న క్లెబ్సియెల్లా కూడా ల్యాబ్‌లో వెండికి చచ్చిపోవడం చూస్తాం.

ఇంకో సంగతి నాకు భలే ఆశ్చర్యం కలిగించింది. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ వాళ్లు 2015లో వెండితో చంపిన సూడోమోనాస్ శవాలను కడిగి, బతికున్న సూడోమోనాస్‌లో కలిపారు. బతికున్నవీ చచ్చాయి. చచ్చినవాటి ఒంట్లో నిలవైన వెండే మెల్లగా బయటికి వచ్చి పక్కవాటిని చంపిందన్నమాట.

మరి వెండి ఉగ్గుగిన్నె, వెండి గ్లాసు వాడితే క్రిములు చస్తాయా?

మన ఇళ్లల్లో పసిపిల్లలకు వెండి గిన్నెలో ఉగ్గు పెట్టడం, అన్నప్రాశనకు వెండి గిన్నె కొనడం మామూలే. పెద్దల ఆలోచనలో నిజం కొంత ఉంది. పారసీక రాజు సైరస్ దండయాత్రకు వెళ్తూ కాచిన నీళ్లను వెండి పాత్రల్లో మోయించుకునేవాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కొన్ని లోహాలు అతి కొద్ది మోతాదులోనే సూక్ష్మజీవుల్ని చంపుతాయని కార్ల్ నేగెలి అనే స్విస్ శాస్త్రవేత్త గమనించిన విషయం 1893లో అచ్చయింది.

కానీ గిన్నెలో ఉగ్గు ఉండేది పది నిమిషాలు. అంతసేపట్లో దిగే అయాన్లు చాలా తక్కువ. ఒకసారి మా ల్యాబ్‌లో ఒక విద్యార్థిని తన కాలి మట్టె తీసి, స్పిరిట్‌తో కడిగి, స్టాఫ్ పూసిన అగర్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) మీద పెట్టింది. పక్కనే సిల్వర్ నైట్రేట్ నీళ్లలో ముంచిన చిన్న కాగితం బిళ్ల పెట్టింది. మర్నాడు చూస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా లేకుండా తేటగా గుండ్రటి ఖాళీ కనపడింది. మట్టె ఎత్తి చూస్తే సరిగ్గా దాని అడుగున మాత్రం ఉంగరంలా గీత పడింది, దాని చుట్టూ మామూలుగానే పెరిగాయి. ఆ ప్లేటు ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది, పాఠం చెప్పేటప్పుడు చూపిస్తాను. ఉగ్గుగిన్నెను సంతోషంగా వాడండి, కానీ రోజూ వేడినీళ్లతో కడగడం మాత్రం మానకండి.

వైద్యంలో వెండి ఎప్పటినుంచి ఉంది?

యాంటీబయాటిక్స్ పుట్టకముందే ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు 1880 నుంచి అప్పుడే పుట్టిన పిల్లల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. తల్లి నుంచి గనేరియా సోకి పిల్లలు చూపు పోగొట్టుకునే రోజులవి. ఆయన ఆసుపత్రిలో నూటికి పది మంది దాకా పిల్లలకు వచ్చే ఆ కంటి జబ్బు ఒక శాతం లోపుకు పడిపోయింది.

తర్వాత పెన్సిలిన్ వచ్చింది, వెండిని అందరూ పక్కన పెట్టారు. మళ్లీ గుర్తుచేసింది కాలిన గాయాలే. 1965లో అమెరికాలో మోయర్ అనే సర్జన్, ఆయన బృందం 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో తడిపిన కట్లు కట్టారు. గాయాల్లో ఇన్ఫెక్షన్ తగ్గింది కానీ దుప్పట్లు, నేల, నర్సుల చేతులు అన్నీ నల్లగా అయిపోయేవి. పైగా ఆ పలుచటి ద్రావణం ఒంట్లోని ఉప్పును కట్టులోకి లాగేసేది. 1968లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చార్లెస్ ఫాక్స్ వెండినీ సల్ఫా మందునూ జతచేసి సిల్వర్ సల్ఫాడయజిన్ తెచ్చాడు. దాంతో బర్న్స్ వార్డుల పద్ధతే మారిపోయింది.

కాలినచోట రాసే తెల్లటి క్రీమ్ అదేనా? ఎంతకాలం రాయాలి?

అదే. 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్. మన జిల్లా ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో అందరికీ తెలిసిన క్రీమ్. చవక, దొరుకుతుంది, సూడోమోనాస్ లాంటి మొండి రకాల మీద కూడా పనిచేస్తుంది. దీనివల్ల ఎంతో మంది బతికారు.

అయితే దీని లోపం కూడా తెలుసుకోవాలి. ఒకసారి కట్టు విప్పేటప్పుడు దగ్గరుండి చూడండి. రాసిన క్రీమ్ గాయం నుంచి ఊరిన నీరుతో కలిసి పచ్చటి బూడిదరంగు పొరలా గట్టిపడి ఉంటుంది. చూస్తే చీము పట్టిందేమో అని టెన్షన్ వస్తుంది. చాలాసార్లు అది చీము కాదు, మందే. కానీ ఆ పొర కింద గాయం ఎంత లోతుందో, మానుతోందో లేదో డాక్టరుకు కూడా కనపడదు. అందుకే రోజూ దాన్ని మెత్తగా కడిగి తీయాలి, తీసేటప్పుడు పేషెంట్‌కు ప్రాణం పోయినంత నొప్పి. పైగా ఈ వెండి బ్యాక్టీరియాకూ మన కొత్త చర్మ కణాలకూ తేడా చూడదు, రెంటినీ ఇబ్బంది పెడుతుంది. పైపైన కాలిన గాయాలకు ఈ క్రీమ్ కంటే కొత్తరకం కట్లతోనే త్వరగా మానుతున్నాయని, అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. కాబట్టి చిన్న కాలిన గాయానికి, ఇన్ఫెక్షన్ లేనప్పుడు, వారాల తరబడి రాస్తూ పోవడం నాకు సరైన పనిగా అనిపించదు. లోతుగా కాలినప్పుడు, కొత్తరకం కట్లు దొరకనప్పుడు దీని విలువ దీనికి ఉంది.

ఈ క్రీమ్ ఎవరు వాడకూడదు?

సల్ఫా మందులు పడనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, రెండు నెలల లోపు పసివాళ్లు వాడకూడదు. దీనిలోని సల్ఫా పసిపిల్లల్లో కామెర్లను మెదడుకు ఎక్కించే ప్రమాదం ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు చిట్లిపోవచ్చు, డాక్టరుకు ముందే చెప్పండి. ఒంట్లో ఎక్కువ భాగం కాలి, చాలా మేర రాసినప్పుడు తెల్ల రక్తకణాలు కొన్ని రోజులు తగ్గవచ్చు. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయిస్తారు, విసుక్కోకండి.

నానో వెండి అంటే ఏమిటి? మామూలు వెండికీ దానికీ తేడా ఏముంది?

లోహం ఒకటే, పరిమాణం వేరు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే గుళికలను నానో అంటారు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు.

లెక్క వేసి చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక గ్రాము వెండిని చిన్న ఘనంగా పోతపోస్తే ఆరు వైపులా దాని పైభాగం మొత్తం కలిపి ఒకటింబావు చదరపు సెంటీమీటరు. అదే గ్రామును 10 నానోమీటర్ల గుళికలుగా చేస్తే పైభాగం దాదాపు 57 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో 68 గజాల జాగా. అయాన్లు దిగేది పైభాగం నుంచే కాబట్టి, అదే గ్రాము నుంచి వచ్చే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కెనడాలో రాబర్ట్ బరెల్ బృందం 1990లలో ఇలాంటి నానో స్ఫటికాల వెండి పూతతో యాక్టికోట్ అనే కట్టును తయారుచేసింది. క్రీమ్ రోజూ మార్చాలి, ఇలాంటి కట్లు రకాన్ని బట్టి మూడు నుంచి ఏడు రోజుల దాకా ఉంచుతారు. కట్టు విప్పిన ప్రతిసారీ పేషెంట్ పడే బాధను చూసినవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

వెండి కట్టును సెలైన్‌తో తడపవచ్చా?

నానో స్ఫటికాల వెండి కట్టును సెలైన్‌తో తడపకూడదు. ఇది అందరూ అడిగే ప్రశ్న కాదు, అడగాల్సిన ప్రశ్న. సెలైన్ అంటే ఉప్పునీళ్లు. ఉప్పులోని క్లోరైడ్ వెండి అయాన్‌ను పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది. అది నీళ్లలో దాదాపు కరగదు. వేలు పోసి కొన్న కట్టులో వెండి ఉంటుంది, పనిచేసేది మాత్రం తగ్గిపోతుంది. స్టెరైల్ వాటర్‌తో, అంటే క్రిములు లేకుండా చేసిన మంచినీళ్లతో తడపాలి.

మా మేనమామకు వేడినూనె పడి కాలు కాలినప్పుడు నేను వార్డులోనే ఉన్నాను. డ్రెస్సింగ్ ట్రేలో సెలైన్ బాటిల్ తప్ప ఇంకోటి లేదు. కట్టు కడుతున్న నర్సమ్మాయి అలవాటు కొద్దీ కట్టు మీద పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్ కింద మందుల షాపు నుంచి తెప్పించాం. గాయాన్ని సెలైన్‌తో కడగవచ్చు, తర్వాత కట్టును మాత్రం స్టెరైల్ వాటర్‌తో తడపాలి. వాజెలిన్ లాంటి నూనె ఆయింట్‌మెంట్లు కూడా దాని కింద రాయకూడదు. ఎంఆర్ఐ స్కాన్ ఉంటే కట్టు తీయాలా అని ముందే అడగండి. ఒక్కో కంపెనీ కట్టు ఒక్కో రకం కాబట్టి ప్యాకెట్ మీద సూచనలు చదవండి.

నాన్నగారి షుగర్ పుండుకు వెండి కట్టు కడితే మానుతుందా?

షుగర్ పుండు మానకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కాలికి రక్తం అందకపోవడం, స్పర్శ లేక అదే చోట ఒత్తిడి పడటం, షుగర్ అదుపులో లేకపోవడం. వెండి వీటిలో దేన్నీ సరిచేయలేదు. పుండు మానడం కోసమని వెండి కట్లు వాడవద్దని షుగర్ పాదాల వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం సూచిస్తోంది. బ్రిటన్‌లో సిరల పుండ్లున్న 213 మంది మీద జరిగిన పరీక్షలో, 2009లో వచ్చిన ఫలితం ప్రకారం, 12 వారాల తర్వాత వెండి కట్టుకూ మామూలు కట్టుకూ తేడా కనపడలేదు.

అయినా వెండి కట్టుకు ఒక చోటు ఉంది. పుండు నుంచి వాసన, ఎక్కువ నీరు, చుట్టూ ఎరుపు కనపడి బ్యాక్టీరియా భారం పెరిగిందని డాక్టరు గుర్తించినప్పుడు కొన్నాళ్లు వాడతారు. రెండు వారాలు వాడి చూడాలన్నది 2012లో నిపుణులు ఒప్పుకున్న లెక్క. రెండు వారాల్లో మెరుగైతే ఆపేసి మామూలు కట్టుకు వెళ్లాలి. మెరుగు కాకపోతే వెండి చాలదని అర్థం, కారణం వేరే చోట వెతకాలి. మూడు నెలలుగా అదే వెండి కట్టు మారుస్తున్న కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది, డబ్బు పోతుంది, కాలం పోతుంది, ఆ కాలంలో కాలు కూడా పోవచ్చు. జ్వరం, వాపు, ఎరుపు పైకి పాకడం ఉంటే కట్లతో గడపకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

వెండి పూసిన గొట్టాలు, ఇంప్లాంట్లు పనికొస్తాయా?

ఇక్కడ ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి, అన్నీ ఒకే గాటన కట్టకూడదు.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల గొంతులో పెట్టే గొట్టానికి వెండి పూత పూసి అమెరికాలో పరీక్షించారు. 2008లో వచ్చిన ఆ ఫలితంలో న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది. మరణాలు మాత్రం తగ్గలేదు. మూత్రం గొట్టాల సంగతి చూస్తే, బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 7,102 మంది మీద చేసిన పెద్ద పరీక్ష 2012లో వచ్చింది. మామూలు గొట్టం పెట్టినవాళ్లలో 12.6 శాతానికి, వెండి గొట్టం పెట్టినవాళ్లలో 12.5 శాతానికి మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చింది. అంటే డబ్బు ఎక్కువ పెట్టినా ఒరిగింది లేదు. నన్ను అడిగితే, మూత్రం గొట్టం అవసరం తీరిన రోజే తీయించడం ఏ పూతకన్నా మేలు.

ఎముక క్యాన్సర్ వచ్చి ఎముక తీసేసినవాళ్లకు పెట్టే పెద్ద లోహపు ఎముకల్లో వెండి ఉపయోగపడింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో టైటానియం పెట్టినవాళ్లలో 17.6 శాతానికి, వెండి పూత ఉన్నది పెట్టినవాళ్లలో 5.9 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. పేషెంట్లు తక్కువ మందే అయినా ఈ తేడా నాకు ఆశ కలిగిస్తుంది. గుండె కవాటం విషయంలో మాత్రం చేదు అనుభవం ఎదురైంది. సిల్జోన్ అనే వెండి పూత వేసిన కవాటాల చుట్టూ రక్తం కారడం ఎక్కువగా కనపడటంతో 2000 జనవరిలో వాటిని వెనక్కి తీసుకున్నారు. బ్యాక్టీరియాను పెరగనివ్వని పూత, మన కండ అతుక్కోవడాన్ని కూడా అడ్డుకుందని అనుమానం.

వేపాకుతో, తులసితో నానో వెండి తయారుచేశామని, అది ఎంఆర్ఎస్ఏను చంపిందని వార్తలొస్తాయి. మరి మందు ఎందుకు రావడం లేదు?

ఆ వార్తల్లో అబద్ధం లేదు. మన తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో కూడా ఇలాంటి పని చాలా జరుగుతోంది. ఆకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపి ఉంచితే కాసేపటికి ఆ నీళ్లు లేత పసుపు నుంచి టీ డికాక్షన్ రంగుకు మారతాయి. నానో గుళికలు పుట్టాయనడానికి అది మొదటి గుర్తు. చేతిలో గాజు గొట్టం పట్టుకుని ఆ రంగు మారడం చూస్తుంటే ఏ విద్యార్థికైనా ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత దాన్ని అగర్ ప్లేటు మీద వేస్తారు, చుట్టూ ఖాళీ వలయం వస్తుంది, పేపర్ రాస్తారు. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ప్లేటు మీద రక్తం లేదు, చీము లేదు. నిజమైన పుండులో ఉప్పు ఉంటుంది, ప్రొటీన్లు ఉంటాయి, వెండిని సగంలోనే పట్టేస్తాయి. బ్యాక్టీరియా కూడా విడివిడిగా ఉండదు, జిగురు పొరలో గుంపుగా దాక్కుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటాం. ఆ పొరలోకి వెండి దిగడానికి చాలా ఎక్కువ మోతాదు కావాలి, అంత మోతాదుకు మన కణాలు తట్టుకోవాలి. పైగా ఈ రోజు చేసిన బ్యాచ్‌లో గుళికల సైజు రేపటి బ్యాచ్‌లో రాదు. ఇవన్నీ దాటాకే మనుషుల మీద పరీక్ష. ఆ పిల్లల శ్రమను నేను తక్కువ చేయడం లేదు, వలయం కొలతతో ఆగకుండా సీరం (రక్తంలోని తేట) కలిపి కూడా చూడమని నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ చెబుతాను.

కల్చర్ రిపోర్టులో వెండికి 'ఎస్' లేదా 'ఆర్' అని ఎందుకు రాయరు?

'ఎస్', 'ఆర్' రాయాలంటే ఎంత మోతాదు దాటితే లొంగనట్టు అనే గీత ఉండాలి. యాంటీబయాటిక్స్‌కు ఆ గీతలను అంతర్జాతీయ సంస్థలు నిర్ణయించాయి. వెండికి అలాంటి గీత లేదు. కాబట్టి "వెండికి సెన్సిటివ్" అని ఎవరైనా ముద్ర వేసి ఇస్తే, ఏ లెక్కన ఇచ్చారో అడగండి.

బ్యాక్టీరియా వెండికి కూడా అలవాటు పడుతుందా?

పడుతుంది. నాలుగైదు చోట్ల కొడుతుంది కాబట్టి ఎప్పటికీ అలవాటు పడదని ప్రచారం చేసేవాళ్లను నమ్మకండి.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బర్న్స్ వార్డులో జరిగిన సంఘటన 1975లో అచ్చయింది. కాలిన గాయాలకు సిల్వర్ నైట్రేట్ వాడుతున్న ఆ వార్డులో వెండికీ, కొన్ని యాంటీబయాటిక్స్‌కూ లొంగని సాల్మొనెల్లా పుట్టుకొచ్చి ముగ్గురు చనిపోయారు. ఆ బ్యాక్టీరియాలో ఏముందో 1999లో షికాగోలో సైమన్ సిల్వర్ బృందం తేల్చింది. ఆయన ఇంటిపేరే వెండి అని తెలిసినప్పుడు మా క్లాసులో అందరం ముచ్చటపడ్డాం. పీఎంజీ101 అనే ప్లాస్మిడ్ మీద వరసగా కొన్ని జన్యువులు ఉన్నాయి. వాటిలో ఒకటి వెండిని స్పాంజిలా పీల్చి పట్టుకునే ప్రొటీన్‌ను, మరికొన్ని వెండిని బయటికి తోడిపోసే పంపులను తయారుచేస్తాయి. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే డీఎన్ఏ ముక్క. ఈ జన్యువులు ఆసుపత్రుల్లోని క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్లలో కనపడుతున్నాయి. ఒక్కోసారి యాంటీబయాటిక్స్‌ను ఓడించే జన్యువులు కూడా అదే ప్లాస్మిడ్ మీద ఉంటాయి. అప్పుడు అవసరం లేనిచోట వాడిన వెండి, యాంటీబయాటిక్స్‌కు లొంగని రకాన్నే ఏరి పెంచినట్టవుతుంది.

నానో గుళికల మీద కూడా బ్యాక్టీరియా ఒక ఎత్తు వేసింది. చెక్ దేశంలోని పలాట్స్కీ యూనివర్సిటీ వాళ్లు 2018లో చూపించారు. ఇ.కోలై, సూడోమోనాస్‌లను పదేపదే నానో వెండిలో పెంచితే అవి ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్‌ను వదిలి గుళికలను ముద్దకట్టించేశాయి. ముద్దకట్టాక అయాన్లు దిగవు. దానిమ్మ తొక్క రసం కలిపితే ఆ ప్రొటీన్ తయారీ తగ్గి వెండి మళ్లీ పనిచేసింది. ఇది ల్యాబ్ సంగతి, పుండు మీద దానిమ్మ తొక్క రాయమని కాదు.

వెండిని యాంటీబయాటిక్‌తో కలిపి వాడవచ్చా?

నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పెద్ద అణువు. ఇ.కోలై లాంటి, బయట అదనంగా ఒక పొర ఉండే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాలో ఆ బయటి పొర దాన్ని లోపలికి రానివ్వదు. బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ బృందం 2013లో కొద్దిపాటి వెండితో ఆ పొరను సడలించి చూస్తే, వాంకోమైసిన్ లోపలికి వెళ్లి పనిచేసింది. ఎలుకల్లో కూడా మంచి ఫలితం వచ్చింది. మనుషులకు ఇచ్చే మందుగా ఇంకా రాలేదు. వస్తే, పక్కన పెట్టేసిన పాత మందులను మళ్లీ బయటికి తీయవచ్చు.

కొల్లాయిడల్ సిల్వర్ నీళ్లు తాగితే ఒంట్లో ఇన్ఫెక్షన్ పోతుందా?

తాగొద్దు. ఆన్‌లైన్‌లో సీసాలు అమ్ముతున్నారు, కోవిడ్ రోజుల్లో మరీ ఎక్కువగా అమ్మారు. మింగిన వెండిని కడుపులోని ఆమ్లం, రక్తంలోని ప్రొటీన్లు పట్టేస్తాయి, రక్తంలో తిరిగే బ్యాక్టీరియా దాకా చంపే మోతాదు చేరదు. నెలల తరబడి తాగితే అది చర్మంలో చేరి, ఎండ తగిలి, ముఖం బూడిద నీలం రంగుకు మారుతుంది. ఆర్జీరియా అంటారు. ఆ రంగు మళ్లీ మామూలు కాదు. మందుగా వీటికి భద్రత గానీ, పనితనం గానీ రుజువు కాలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చి చెప్పింది.

మిఠాయి మీద వెండి రేకు గురించి కూడా అడుగుతారు. చార్మినార్ దగ్గర సుత్తితో కొట్టి వరఖ్ తయారుచేసే చప్పుడు విన్నవాళ్లకు అదొక మరపురాని జ్ఞాపకం. ఆ రేకులో వెండి అతి కొద్ది, అప్పుడప్పుడు తింటే భయం లేదు. 999 స్వచ్ఛత ఉండాలని, తయారీలో జంతు చర్మం వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. కానీ అది మందు కాదు. రజత భస్మం లాంటివి వాడుతుంటే ఆ సంగతి మీ డాక్టరుకు దాచకండి.

మంచినీళ్ల ఫిల్టర్‌లో వెండి ఉంటే మంచిదేనా?

మంచిదే. వరి ఊక బూడిద మీద నానో వెండి పట్టించిన టాటా స్వచ్ ఫిల్టర్ 2009లో వచ్చింది, కరెంటు అక్కర్లేని ఫిల్టర్‌గా చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. గడువు తీరిన కార్ట్రిడ్జ్ మార్చకుండా వాడటమే ఇళ్లల్లో ఎక్కువగా జరిగే పొరపాటు.

మా పాప పాలపళ్లకు రాసిన మందుతో పుచ్చు నల్లబడింది. అది వెండేనా?

అవును, 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అయి ఉంటుంది. డ్రిల్లింగ్ లేకుండా పుచ్చును ఆపే మందు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. ఆ నలుపే, పుచ్చు ఆగిందనడానికి గుర్తు. ముందు పళ్లకైతే రంగు గురించి ముందే మాట్లాడుకోండి.

వెండి సాక్సులు, వెండి వాషింగ్ మెషిన్ల సంగతి?

ఆరోగ్యవంతుల ఇంట్లో వీటి అవసరం నాకు కనపడదు. వెండి సాక్సులు ఉతికితే వెండి నీళ్లలోకి పోతుందని అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2008లో కొలిచి చూపారు. మురుగునీటిలో అది చాలావరకు గంధకంతో కలిసి అడుగుకు చేరుతుంది. అయినా కాలిన బిడ్డ గాయానికి పనికొచ్చే వస్తువును చెమట వాసన కోసం కాలవలో పారబోయడం నాకు మనసొప్పదు.

కట్టు విప్పితే చర్మం బూడిదరంగుగా, నల్లగా కనపడుతోంది. పాడైపోయిందా?

చాలాసార్లు అది వెండి మరకే. పైపైన అంటుకున్నది, చర్మం పొరలు రాలేకొద్దీ కొన్ని వారాల్లో పోతుంది. మరకా, కుళ్లా అని తేడా తెలుసుకోవడానికి నేను ఇంటివాళ్లకు ఇలా చెబుతాను. స్టెరైల్ వాటర్‌లో తడిపిన గాజ్ (డ్రెస్సింగ్) గుడ్డతో మెత్తగా అద్దండి. వాసన లేకుండా, గాయం అంచులు గులాబీ రంగులో, తాకితే నొప్పి తెలుస్తూ ఉంటే కంగారు అక్కర్లేదు. దుర్వాసన, చల్లబడిన చర్మం, స్పర్శ లేకపోవడం, చుట్టూ ఎరుపు పెరగడం, చలిజ్వరం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కట్టు మళ్లీ వేసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత కల్చర్ రిపోర్ట్, వాడిన కట్టు ప్యాకెట్, మొదటి రోజు నుంచి ఫోన్‌లో తీసిన గాయం ఫోటోలు పట్టుకెళ్లండి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, గాయం ఎంత తగ్గిందో డాక్టరుకు చూడగానే తెలుస్తుంది.